పసుపు తూటాలు

ఆగస్టు 9, శనివారం

నువ్వు బండి నడుపుతూ ఫోన్ చూస్తావు. కాదనకు. ఒక్క క్షణమే కదా అంటావు, తిన్నని రోడ్డే కదా అంటావు, కనుచూపు మేరలో ఎవరూ లేరు కదా అంటావు. నా కూతురు సిగ్నె ఉంది. ట్రక్కు మీద లైట్లు వెలుగుతున్నాయి. ఒంటి మీద మెరిసే జాకెట్టు ఉంది. రెండు చేతుల్లో ఒక ముసలి తాబేలు ఉంది. జూన్‌లో గుడ్లు పెట్టడానికి మడుగులోంచి లేచి రోడ్డెక్కే తాబేళ్ళను ఎత్తి అవతలి గట్టున దింపడం వన్యప్రాణి వార్డెన్ ఉద్యోగంలో భాగమేమీ కాదు. అది సిగ్నె సొంత పైత్యం.

తాబేలు అవతలికి చేరింది.

ముప్పై ఏళ్ళు కాలమ్ రాసిన చెయ్యి ఇది. నా కోసమే రాసుకుందామని కూర్చుంటే మొదటి మాటే "నువ్వు" అని వచ్చింది. ఉండనీ. ఎవరో ఒకరు బోనులో నిలబడాలి. పత్రిక వాళ్ళు "ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడే రాయండి ఆర్లెన్" అన్నారు. జూన్ నుంచి నా కాలమ్ చోటులో గుమ్మడికాయల పోటీ ఫోటోలు వేస్తున్నారు. జిల్లా అంతా ఊపిరి పీల్చుకుని ఉంటుంది.

సాయంత్రం వెస్టన్ వచ్చాడు. నా అల్లుడు. తుపాకీ హక్కుల సంఘం స్టిక్కరు ఉన్న ట్రక్కులో, సిగ్నె కుక్క ఓలీని పక్కన కూర్చోబెట్టుకుని. ఓలీ ఆ రోజు సిగ్నె ట్రక్కులోనే ఉంది. అద్దంలోంచి అంతా చూసి ఉంటుంది. దాన్ని ఎవరూ సాక్ష్యం అడగలేదు.

"సెప్టెంబరు ఆఖరి శనివారం బాతుల వేట సీజన్ మొదలవుతుంది," అన్నాడు వెస్టన్.

"తెలుసు," అన్నాను. నాకు తెలియదు.

"తను అన్న మాట గుర్తుందా మీకు?"

గుర్తుండకేం. పోయిన థాంక్స్‌గివింగ్ పండగ నాడు ఈ బల్ల దగ్గరే. "నాన్నా, నేను పోతే నా బూడిదని తూటాల్లో నింపి మా మడుగు మీద పేల్చండి. కొన్న తూటాల్లో కాదు, నేను పేల్చి దాచుకున్న ఖాళీ డొల్లల్లో. నింపేది మాత్రం నువ్వే. తుపాకుల మీద ముప్పై ఏళ్ళ నుంచి రాస్తున్నావుగా, ఒక్కసారైనా తెలిసి రాసినట్టుంటుంది." నీకంటే ముందు పోయేది నేను, నన్ను తూటాల్లో నింపితే దయ్యమై పీడిస్తానన్నాను. అందరం నవ్వాం. బంగాళాదుంపల గిన్నె ఇటు తొయ్యమంది.

ఇక్కడ వేటగాళ్ళలో కొందరు అలా చేస్తారు. దాన్ని వెక్కిరిస్తూ ఒకసారి నేను కాలమ్ రాశాను కూడా.

"బూడిద పంపిస్తే నింపి ఇచ్చే కంపెనీలున్నాయి," అన్నాడు వెస్టన్. "మీకు ఇబ్బందైతే."

"నన్నే నింపమంది."

"అంది. సీజన్ మొదలయ్యేలోపు చేస్తారా?"

"చేస్తాను."

"చేయకపోతే పంపించేస్తాను, ఆర్లెన్. ఆ రోజు దాటకూడదు. మేమిద్దరం కలుసుకున్నది ఆ రోజే, ఆ మడుగు దగ్గరే. నా వేట లైసెన్సు చూపించమంది."

అతని కళ్ళలోకి చూడలేదు. ఓలీ గుమ్మం దగ్గర బోర్లా పడుకుని రోడ్డు వైపు చూస్తోంది.

ఆగస్టు 12

లవోన్ కొట్టుకి వెళ్ళాను. ఒక పక్క ఇనప సామాను, ఒక పక్క చేపల గాలాలు, వెనక గదిలో తుపాకులు. లవోన్, నేను ఒకే బడిలో చదువుకున్నాం. నేను కాలమ్ రాసిన ప్రతిసారీ పత్రికకి నన్ను తిడుతూ ఉత్తరం రాస్తుంది. అచ్చుతప్పులు ఉండవు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఎవరొచ్చారో చూడండి," అంది, కొట్లో ఇంకెవరూ లేకపోయినా. "దారి తప్పావా? లైబ్రరీ పక్క వీధి."

"తూటాలు నింపే ప్రెస్ కావాలి."

నవ్వబోయి ఆపుకుంది. సిగ్నె సంగతి ఊళ్ళో ఎవరికి తెలియదు? కౌంటరు తుడవడం మొదలుపెట్టింది, అది శుభ్రంగానే ఉన్నా.

"ఏ గేజ్?"

"పన్నెండు," అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ అనేది అదేగా. గేజ్ అంటే తుపాకీ గొట్టం కొలత, నాకు తెలిసింది అంతవరకే.

"రెండు రకాలున్నాయి. ఒకటి సింగిల్ స్టేజ్. ఒక్క డొల్లని తీసుకుని ఒక్కో మెట్టు దగ్గర పెట్టి, ఒక్కోసారి పిడి లాగుతూ పోవాలి. నిదానం. రెండోదాంట్లో డొల్లలు గుండ్రంగా తిరుగుతుంటాయి, పిడి లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుంది. దాన్నేమంటారో తెలుసా?"

"చెప్పు."

"ప్రోగ్రెసివ్."

నా రాజకీయాలకి ఊళ్ళో వాడే పేరూ అదే. నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను.

"అదే ఇవ్వు," అన్నాను.

"నీకోసమే కనిపెట్టారనుకుంటున్నావు. వద్దు. కొత్తవాళ్ళకి అది పనికిరాదు. వేగం ఎక్కువ, మాటలు ఎక్కువ, ఎక్కడ తప్పిందో తెలిసేసరికి ఇంకో నాలుగు తప్పులు బయటికొస్తాయి."

"నీ ఉత్తరాల్లో నా గురించీ ఇదే రాస్తావు."

"రాస్తాను మరి."

ప్రోగ్రెసివే తెచ్చాను. సిద్ధాంతం. నెలకి రెండుసార్లు జలుబు మాత్రలు కొంటే మందుల షాపువాడు నా డ్రైవింగ్ లైసెన్సు చూసి, పేరు రాసుకుని, సంతకం పెట్టించుకుంటాడు. ఇవాళ తుపాకీ మందు డబ్బా, మందుని అంటించే ప్రైమర్ల పెట్టె, తూటాలు చేసే యంత్రం కౌంటరు మీద పెడితే లవోన్ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సంచి కావాలా?" ఈ దేశం గురించి ఇంతకంటే రాయడానికేముంది. పది కాలమ్‌లు. రాయను.

ఆగస్టు 13

పెట్టె విప్పలేదు. ముందు గట్టి బల్ల కావాలి. ఊగే బల్ల మీద ప్రెస్ బిగించకూడదని తూటాలు నింపే విధానం పుస్తకంలో ఉంది.

ఆగస్టు 17

డొల్లల కోసం వెస్టన్ ఇంటికి వెళ్ళాను. బూట్లు విడిచే గదిలో, సిగ్నె బూట్ల పక్కన, పాత ఐస్‌క్రీం బకెట్ నిండా ఉన్నాయి. బూట్లకి ఇంకా ఆ రోజు బురద. ఎవరూ తుడవలేదు, తుడవరు కూడా. ఎప్పటికైనా ప్రెస్ కొంటానని పేల్చిన ప్రతి తూటా డొల్లనీ ఏరుకుని జేబులో వేసుకునేదట.

మూత తీశాను. అన్నీ పసుపు.

"ఎర్రవి ఉంటాయి కదా?" అన్నాను.

వెస్టన్ ఒక డొల్ల తీసి నా చేతిలో పెట్టాడు. "అవి పన్నెండు గేజ్," అన్నాడు. "తనది ఇరవై. ఇరవై ఎప్పుడూ పసుపే, ఆర్లెన్. ఏ కంపెనీ చేసినా పసుపే."

ఎందుకని అడిగాను. చెప్పాడు. ఇరవై గేజ్ తూటా సన్నం. పొరపాటున పన్నెండు గేజ్ తుపాకీలో పడితే జారిపోయి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీగా ఉందనుకుని వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే, మొహం మీదే బద్దలవుతుంది. అందుకే చూడగానే తెలిసేలా రంగు.

"పిల్లలకి మొట్టమొదట నేర్పేది అదే," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

కాఫీ తాగాం. ముప్పై ఏళ్ళుగా ఈ విషయం మీద ఈ రాష్ట్రంలో నాకంటే ఎక్కువ రాసినవాడు లేడు. నా కూతురి తుపాకీ ఏ గేజో నాకు తెలియదు.

ఆగస్టు 18

ఇరవై.

ఆగస్టు 20

లవోన్ దగ్గరికి ప్రెస్ పట్టుకెళ్ళాను. పెట్టె ఇంకా విప్పలేదు కాబట్టి వెనక్కి తీసుకుంది.

"పన్నెండని బల్ల గుద్ది చెప్పావు."

"పొరబడ్డాను."

"పేపర్లో సవరణ వేస్తావా?" అని నా మొహం చూసి, "ఇలా కూర్చో," అంది.

ఇరవై గేజ్‌లో ప్రోగ్రెసివ్ లేదు, తెప్పించడానికి వారం పడుతుందంది. సింగిల్ స్టేజ్ ఒకటుంది. అదే ఇమ్మన్నాను. ఎదురుచూడడం ఇష్టం లేక. అంతే, ఇంకేం లేదు.

నా దగ్గరున్న డొల్ల ఒకటి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని మూతి వైపు చూసింది. "ఆరు మడతలు," అంది. "ఎనిమిదివి కూడా ఉంటాయి. ప్రెస్‌లో మూతి మూసే ముక్క డొల్లకి తగినదే కొనాలి. ప్లాస్టిక్ మొదటి మడతని మర్చిపోదు. ఆరు మడతలదాన్ని ఎనిమిదికి బలవంతం చేస్తే నలుగుతుంది కానీ మూసుకోదు."

వాడ్‌లనే ప్లాస్టిక్ కప్పుల సంచీ ఇచ్చింది. గుండ్లు ఆ కప్పులో కూర్చుంటాయి, కప్పు మందు మీద కూర్చుంటుంది, పేలిస్తే గుండ్లతో పాటు కప్పూ ఎగిరిపోతుంది. తర్వాత గుండ్ల సంచీ తెచ్చి ధబ్‌మని పెట్టింది.

"సీసమా?" అన్నాను.

"మరేంటి, బంగారమా?"

"మడుగు మీద సీసం పేలిస్తే నేరం. బాతులు మింగి చస్తాయి. సిగ్నె ఎంతమందికి చలానాలు రాసిందో నీకు తెలియదా?"

"తెలియకేం. మా ఆయనకే రాసింది," అంది లవోన్. "నీ ఇంట్లో సిగ్నె పెళ్ళి భోజనం చేసి వచ్చిన వారానికే. 'మీరంటే నాకిష్టం అంకుల్, ఇక్కడ సంతకం పెట్టండి' అందట."

సీసం సంచీ తీసి కింద పెట్టేసింది. వెనక గదిలోకి వెళ్ళి బిస్మత్ గుండ్లు తెచ్చింది. అవి బాతుల్ని చంపవు, మింగితే. పేలిస్తే చంపుతాయనుకో. ఆ తేడా మీద సిగ్నె, నేను ఎన్ని ఆదివారాలు వాదించుకున్నామో. తనన్నది: "నువ్వు తినే కోడి ఆత్మహత్య చేసుకుందా నాన్నా?"

ఆగస్టు 24

బల్ల బాగానే ఉంది. ప్రెస్ బిగించాను. త్రాసు కావాలి.

ఆగస్టు 29

త్రాసు చిన్న విషయం కాదు. మందు తూచాలి, బూడిద తూచాలి. డిజిటల్ త్రాసు అంకె చూపిస్తుంది, కానీ ట్యూబ్‌లైటు పక్కన పెడితే అంకె దానంతట అది పాకుతుందని ఇంటర్నెట్లో ఒకతను మూడు పేజీలు రాశాడు. ఇంకొకతను కాదని ఐదు పేజీలు రాశాడు. వీళ్ళ వాదన మా శాసనసభలో వాదన కంటే మేలు, ఆధారాలు చూపిస్తారు. దండె త్రాసుకి కరెంటు అక్కర్లేదు, అబద్ధం చెప్పదు, కానీ నిలకడకి రావడానికి టైం పడుతుంది.

డిజిటల్ తెప్పించాను.

సెప్టెంబరు 1

త్రాసు నచ్చలేదు. వెనక్కి పంపేశాను. దండె త్రాసు రావాలి.

వెస్టన్ ఫోన్ చేశాడు. "ఎంతవరకు వచ్చింది?"

"త్రాసు రావాలి."

సెప్టెంబరు 4

దండె త్రాసు వచ్చింది. దాన్ని సరిచూసే తూనికరాళ్ళ సెట్టు కావాలి. అది లేకుండా తూచడం బాధ్యతారాహిత్యం.

పొద్దుతిరుగుడు పూలు తలలు వంచేశాయి. కోత యంత్రాల దుమ్ము కిటికీల మీద.

సెప్టెంబరు 6

మందు పోయడానికి సన్న మూతి గరాటు కోసం వెళ్ళాను. లవోన్ కౌంటరు వెనక చేతులు కట్టుకుని నిలబడింది.

"పోయినవారం గరాటు తీసుకెళ్ళావు."

"అది ఇత్తడిది. ఇప్పుడు కావలసింది..."

"దీపం తీసుకెళ్ళావు. గొట్టాలు తోమే బ్రష్షు తీసుకెళ్ళావు, నీకు తుపాకీ కూడా లేదు. డొల్లలు నిలబెట్టే చెక్క రెండు సైజుల్లో తీసుకెళ్ళావు. నీ దగ్గర లేనిదేదీ ఈ కొట్లో ఇక లేదు, ఆర్లెన్. చేపల గాలాలు మిగిలాయి. అవి కావాలా?"

"డబ్బిచ్చేవాడికి అమ్మవా?"

"అమ్మను. ఇంటికి పో."

ఇదీ స్వేచ్ఛా వ్యాపారం అనే మతం. ముప్పై ఏళ్ళు దాన్ని తిడితే, చివరికి నాకు సామాను అమ్మనన్న ఏకైక వ్యాపారి ఆ మతానికి పూజారిణి. ఎవరికైనా చెబితే నమ్మరు. గరాటు నిజంగానే అవసరం. ఇత్తడిదాంట్లో మందు అంటుకోదు, నిజమే, అది మంచిదే, కానీ మూతి కొంచెం వెడల్పు.

కొంచెమే.

సెప్టెంబరు 8

వెస్టన్ వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. ఆ కంపెనీ వాళ్ళు పంపింది, బూడిద పెట్టి తిరిగి పంపడానికి. పక్కన పెట్టాడు.

బల్ల చూశాడు. ప్రెస్, త్రాసు, తూనికరాళ్ళు, గరాట్లు, దీపం, వరసగా నిలబెట్టిన పసుపు డొల్లలు. ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలా ఉంది. రోగి లేదు.

"అన్నీ ఉన్నాయి," అన్నాడు.

"గరాటు..."

"ఆర్లెన్." నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పెద్ద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఓలీ తలుపు దగ్గరే పడుకుంటోంది. జూన్ నుంచీ. రోడ్డు మీద ట్రక్కు చప్పుడైతే లేస్తుంది. నాది కాకపోతే మళ్ళీ పడుకుంటుంది. నాదైనా పడుకుంటుంది. దానికి ఎవరో ఒకరు చెప్పాలి. నా వల్ల కావడం లేదు."

ఆ మాటకి నేను జవాబు చెప్పాను. పొడుగ్గానే చెప్పాను. వేటగాళ్ళు చావుని కూడా ఆట సామానుగా మార్చుకున్నారని, కంపెనీ వాళ్ళు కన్నీళ్ళకి కూడా రేటు పెట్టారని, తొందరపెట్టేవాళ్ళంతా లోపల దేన్నో దాచుకుంటారని. ఒక కాలమ్‌కి సరిపడా. వెస్టన్ అంతా విన్నాడు.

"మీరు ఇలా మాట్లాడినప్పుడల్లా తను బల్ల కింద నా కాలు తొక్కేది," అన్నాడు. "నవ్వొద్దని."

అట్టపెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. దాని మీద ఒక బాతు బొమ్మ ఉంది.

సెప్టెంబరు 9

పెట్టెని చెత్త లారీకి వేశాను.

సెప్టెంబరు 13

ముందు ఉత్త గుండ్లతో నాలుగు నింపి పేల్చి చూడాలంది లవోన్. పేల్చకుండా ఎవరి అంత్యక్రియలకీ తీసుకెళ్ళకూడదట. వాళ్ళ పశువుల మేత బీడులో, వెస్టన్ ఇచ్చిన సిగ్నె తుపాకీతో. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నా మొదటి తూటా.

నింపేటప్పుడు ఫోన్‌లోనే, నా పక్కన ఉన్నట్టే గదమాయించింది. "బల్ల మీద మందు డబ్బా ఒక్కటే ఉందా? పుస్తకంలో పేజీ తెరిచి ఉందా? ఆ వాడ్, ఆ ప్రైమర్, ఆ మందు, అంతే. పుస్తకంలో రాసినదానికి గింజ కూడా మించకు. నీకు తోచినట్టు సవరించకు. ఇది నీ పార్టీ మ్యానిఫెస్టో కాదు."

మించలేదు. నా జీవితంలో ఒక అధికార గ్రంథానికి వాదించకుండా తలవంచడం ఇదే.

పేల్చాను.

"కళ్ళు మూసుకున్నావు," అంది.

"లేదు."

"మూసుకున్నావు. నీ రాతల్లాగే. కళ్ళు మూసుకుని పెద్ద చప్పుడు."

నవ్వొచ్చింది. జూన్ తర్వాత మొదటిసారి. నవ్వు మధ్యలో ఇంకోటి అయింది. లవోన్ బీడు అవతలి కంచె వైపు తిరిగి, ఆవులు లెక్కపెడుతున్నట్టు నిలబడింది. ఆ బీడులో ఆవులు లేవు.

కుడి భుజం కమిలింది. సిగ్నెకి కమిలి ఉంటే ఎడమ భుజం. ఎడమచేతి వాటం. చెంచా మొదటిసారి పట్టుకున్నప్పుడే చూశాను. అది నాకు తెలుసు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను మారానని అనుకోకు. మారలేదు. రాసుకో.

సెప్టెంబరు 20, శనివారం

ఇవాళ నింపాం.

మధ్యాహ్నం వెస్టన్ తీసుకొచ్చాడు. సగం. మిగతా సగం సిగ్నె వాళ్ళమ్మ సమాధి పక్కన. ఓలీని లోపలికి రానిచ్చాం, బల్ల కింద పడుకుంది.

బూడిద అంటాం కానీ అది బూడిద కాదు. ఎముక నలకలుంటాయి. నింపేముందు జల్లెడ పట్టాలని అందరూ రాశారు, లవోన్ కూడా గొంతు తగ్గించి చెప్పింది. వెస్టన్ వంటగదిలోంచి పిండి జల్లెడ తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ వంటగదిలో పెట్టేసి వచ్చాను. నా కూతుర్ని జల్లెడ పట్టను. వెస్టన్ చెంచా తీసుకుని మెత్తనిదాన్ని పైపైన తీసుకోవడం మొదలుపెట్టాడు. నలకలు వాటి చోటే ఉండిపోయాయి.

త్రాసు తూచేది గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజ. ఎప్పుడో ఎవరో గోధుమగింజకి బరువు కట్టి ఆ పేరు పెట్టారు. గోధుమలు పండించే జిల్లాలో పుట్టి, గోధుమ ధర మీద ఏడాదికి నాలుగు కాలమ్‌లు రాసిన నాకు ఈ సంగతి కూడా ఈ బల్ల దగ్గరే తెలిసింది. సిగ్నె పుట్టిన రోజున నర్సు తూచినప్పుడు త్రాసు పళ్ళెంలోంచి ఒక కాలు బయటికి పెట్టి తన్నింది. ఈ పళ్ళెంలో చెంచాడు పడుతుంది.

దండె పైకి కిందికి ఊగింది. నిలబడేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మా ఊపిరికి ఎగిరిపోతుందని.

బూడిదా గుండ్లూ కలిపి పుస్తకంలో గుండ్లకి రాసిన బరువు దాటకూడదు. బూడిద ఎంత పెడితే గుండ్లు అంత తియ్యాలి. వెస్టన్ తూచి ఇచ్చాడు, నేను పోశాను, పిడి లాగాను. పాత ప్రైమర్ ఊడి పడుతుంది. కొత్తది కూర్చుంటుంది. మందు. వాడ్. దాంట్లో సిగ్నె. మీద గుండ్లు. తర్వాత మూతి. ఆరు మడతలూ తమ పాత దారినే వచ్చి మధ్యలో కలిశాయి, పూవు సాయంత్రం ముడుచుకున్నట్టు.

ఒక్కో తూటాకీ అన్ని మెట్లూ. ఎంత నిదానమో. మొదట్లో ఎంత గొడవపడ్డాను ప్రోగ్రెసివ్ కావాలని. అదైతే అరగంటలో అయిపోయేది.

"పెళ్ళైన రెండో ఏడు తను నాకే చలానా రాసింది," అన్నాడు వెస్టన్ మధ్యలో, తూస్తూనే.

"దేనికి?"

"లైఫ్ జాకెట్ లేదని. పడవలో నా పక్కనే కూర్చుని రాసింది. తనకీ లేదు. అది చెబితే, తన పేరు మీద కూడా ఒకటి రాసుకుంది."

"కట్టిందా?"

"ఇద్దరివీ నాతో కట్టించింది."

ఓలీ బల్ల కింద తోక ఒకసారి నేలకేసి కొట్టింది. ఆ కథ దానికీ తెలుసేమో.

సందె పడేసరికి పెట్టె నిండింది. పసుపు తూటాలు వరసగా. చేత్తో పట్టుకుంటే మామూలు తూటాలే. బరువు కూడా మామూలే. అదే ఘోరం.

వెస్టన్ వెళ్ళేటప్పుడు పెట్టె తీసుకెళ్ళాలా, ఇక్కడుంచాలా అని గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరం ఆ పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాం. ఇక్కడే ఉంచాడు.

సెప్టెంబరు 22

ఈ ఇంట్లో తూటాలున్నాయి. ముప్పై ఏళ్ళు ఏ ఇంట్లోనూ ఉండకూడదని వాదించాను. పెట్టె వంటగది బల్ల మీద, సిగ్నె ఎప్పుడూ కూర్చునే వైపు.

సెప్టెంబరు 25

ఉత్తరం నుంచి బాతులు దిగుతున్నాయి.

సెప్టెంబరు 27, శనివారం

వెస్టన్ తెల్లవారకముందే వచ్చి తీసుకెళ్ళాడు. లవోన్ తన ట్రక్కులో ముందే వచ్చి, మడుగు గట్టున ఫ్లాస్కుతో నిలబడి ఉంది. నేను పిలవలేదు. "నేను పేల్చను, కాఫీ పోస్తాను," అంది. వాళ్ళాయన రాలేదు. చలానా మీద ఇంకా కోపమట. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రాలేకపోయాడు.

పెట్టె తెరిచాడు వెస్టన్. ఒక గడి ఖాళీగా ఉంది. చూశాడు. నన్ను చూశాడు. పక్క గడిలోంచి ఒకటి తీశాడు.

బాతులు లేని వైపు ఆకాశం చూసుకుని పేల్చాడు. చప్పుడు. గొట్టం చివర బూడిదరంగు మేఘం ఒకటి, చిన్నది. రెల్లు మీద కాసేపు ఆగింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు. గాలి దాన్ని ఎటు తీసుకెళ్ళాలో ఆలోచించినట్టు ఆగి, తర్వాత తీసుకెళ్ళింది.

అప్పుడు ఓలీ నీళ్ళలో దూకింది.

మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు. తుపాకీ పేలితే ఏదో పడుతుంది, పడినదాన్ని తేవడం దాని పని. సిగ్నె నేర్పింది. వెస్టన్ "ఓలీ, ఆగు" అన్నాడు, వినలేదు. అది ఈదుకుంటూ మేఘం ఆగిన చోటికి వెళ్ళింది. గుండ్రంగా తిరిగింది. ముక్కు ఎత్తి గాలి పీల్చింది. మళ్ళీ తిరిగింది.

ఉత్తనోటితో వస్తుందనుకున్నాం. నోట్లో ఏదో పట్టుకుని వచ్చింది. గట్టెక్కి, నీళ్ళు విదిలించకుండా, వెస్టన్‌ని దాటి, లవోన్‌ని దాటి, నా ముందు కూర్చుని నోరు తెరిచింది. తెల్లటి ప్లాస్టిక్ కప్పు. నా చేత్తో తూటాలో పెట్టిన వాడ్. లోపల బూడిదరంగు గీత ఒకటి ఇంకా అంటుకుని ఉంది.

"మడుగులో ప్లాస్టిక్ వదిలితే తను ఊరుకోదుగా," అంది లవోన్. అని ఫ్లాస్కు మూత బిగిస్తూనే ఉండిపోయింది.

ప్రతి తూటాకీ అలాగే. వెస్టన్ పేల్చడం, మేఘం, ఓలీ ఈదడం, నా చేతిలో పెట్టడం. మధ్యలో రెండు నేను పేల్చాను. కళ్ళు తెరిచి. గాలి మారి ఒకసారి మా మీదికే వచ్చింది. వెస్టన్ టోపీ అంచు మీద సన్నగా పడింది. తుడుచుకోలేదు.

చివరిది వెస్టన్ ఓలీ చెవి దగ్గర వంగి ఏదో చెప్పి పేల్చాడు. ఏం చెప్పాడో వినిపించలేదు. ఓలీ వెళ్ళింది. ఈసారి చాలాసేపు వెతికింది. సూర్యుడు రెల్లు పైకి వచ్చాడు. నీళ్ళు ఎర్రగా, దాని తల నల్లగా. అటూ ఇటూ తిరిగి, తిరిగి, చివరికి ఉత్తనోటితో వచ్చింది. నా ముందు కూర్చుంది. చెవులు వెనక్కి. తప్పు చేసినదానిలా.

"ఫర్వాలేదు," అన్నాను దానితో. "ఫర్వాలేదు ఓలీ. సిగ్నె వెళ్ళిపోయింది."

దానికి ఎవరో ఒకరు చెప్పాలి అన్నాడు కదా. చెప్పాను.

అప్పుడు బాతులు వచ్చాయి, మందలు మందలుగా, నెత్తి మీదుగా. వెస్టన్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ పేల్చలేదు.

సెప్టెంబరు 28

నేను మళ్ళీ కాలమ్ రాస్తానని పత్రికకి ఫోన్ చేసి చెప్పాను. ఏ విషయం మీద అని అడిగారు. తాబేళ్ళు అన్నాను.

ఓలీ ఇవాళ ఇక్కడే ఉంది. వెస్టన్ పనికి వెళ్ళాడు. అది గుమ్మం దగ్గర పడుకుంది. ట్రక్కు చప్పుడైతే చెవి ఒకటి కదిలింది. లేవలేదు. లేవకపోతే బాగుంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. లేవకపోతే చూడలేకపోతున్నాను.

నా కాలమ్ ఎప్పుడూ డిమాండ్లతోనే ముగుస్తుంది. "నా పుట్టినరోజు కార్డు కూడా డిమాండ్లతోనే రాస్తావు నాన్నా," అనేది. అవును తల్లీ. అలవాటు.

1. రోడ్డు పక్కన లైట్లు వెలుగుతూ బండి ఆగి ఉంటే వేగం తగ్గించాలి, పక్కకి తప్పుకోవాలి.

2. ఫోన్ వెనక సీట్లో ఉండాలి, చెయ్యి అందనంత దూరంలో.

3. జూన్‌లో తాబేళ్ళను దాటనివ్వాలి.

4. తుపాకీ మందు కొనేవాడి పేరు అడగాలి. నా పేరు కూడా అడిగి ఉండాల్సింది.

5. మా మడుగులో తెల్లటి ప్లాస్టిక్ కప్పు ఒకటి మిగిలింది. దొరికినవాళ్ళు లవోన్ కొట్లో ఇవ్వాలి.

6. "తనకిష్టమైన పని చేస్తూనే పోయింది" అని నాతో ఎవరూ అనకూడదు.

7. నా కోటు ఉతకడానికి ఎవరూ అడగకూడదు. ఎడమ జేబులో ఉన్న పసుపుది అక్కడే ఉండాలి.